ఎవరికో దెబ్బ తగిలితేనే ఫోన్ మోగేది

2023 జనవరిలో ఒక గురువారం. మధ్యాహ్నం ల్యాబ్‌లో ఉండగా ఐస్ హాకీ ఆడే మావాడి దగ్గర్నుంచి ఫోన్. “అమ్మా, పై లీగు టీములో డిఫెన్స్ ఆడే ఒకతనికి మోకాలు పోయిందట. రేపటి మ్యాచ్‌కి నన్ను రమ్మన్నారు” అన్నాడు. “అబ్బ, ఎంత మంచి మాట చెప్పావురా!” అన్నాను. పక్క బెంచీ దగ్గర పనిచేసే ఆవిడకి కూడా సంబరంగా చెప్పేశాను. సాయంత్రం కారులో ఇంటికొస్తుంటే తట్టింది. ఆ మోకాలు పోయిన పిల్లాడికీ ఒక తల్లి ఉంటుంది కదా, ఆవిడకీ ఇవాళే ఫోన్ వెళ్లి ఉంటుంది. ఆవిడ ఏమని ఉంటుందో.

మాది తెనాలి. పెళ్లయ్యాక 1996లో మిన్నెసోటా వచ్చాను. మరుసటి ఏడాది మావాడు పుట్టాడు. ఈ రాష్ట్రంలో చలికాలం వస్తే పార్కుల్లో సిటీ వాళ్లే నీళ్లు పట్టి, గడ్డకట్టించి, చుట్టూ చెక్కలు బిగించి వదిలేస్తారు. మన దగ్గర సందు చివర క్రికెట్ ఎలాగో ఇక్కడ పిల్లలకి హాకీ అలాగ. “చేర్పిద్దామా వద్దా” అని మేమేం కూర్చుని ఆలోచించలేదు. వాడికి ఆరేళ్లప్పుడు పక్కింటివాళ్లు వాళ్లబ్బాయికి పొట్టయిపోయిన స్కేట్లు ఇచ్చారు, మావారు ఒక మడత కుర్చీ తీసుకెళ్లి మంచు మీద పెట్టారు, వీడు దాన్ని పట్టుకుని తోసుకుంటూ నిలబడ్డాడు. అంతే మొదలు. తెనాలి నుంచి మా నాన్న ఫోన్లో “ధ్యాన్‌చంద్ ఆడిన ఆటేనా అమ్మా?” అని అడిగితే, “కాదు నాన్నా, అది గడ్డి మీద, ఇది గడ్డ మీద” అన్నాను. ఆయన చాలా రోజులు అదే చెప్పుకుని నవ్వుకున్నారు.

హాకీ సంచీ వాసన గురించి చెప్పకుండా ముందుకి పోలేను. మనిషి పట్టేంత సంచీ. అందులో చెమటతో తడిసిన ప్యాడ్లు, గ్లవ్స్, హెల్మెట్. ఒక్క రాత్రి జిప్పు తియ్యకుండా కారులో వదిలేస్తే తెల్లారి ఆ కారెక్కాలంటే గుండె ధైర్యం కావాలి. గరాజ్‌లో దండెం కట్టి, ఒరుగులు ఆరబెట్టినట్టు ఒక్కొక్కటీ ఆరేసేదాన్ని. ఏళ్ల తరబడి అదే పని.

అసలు చిక్కు హైస్కూల్ అయ్యాక వచ్చింది. మాకు తెలిసిన పద్ధతి ఎంసెట్. పరీక్ష రాస్తావు, ర్యాంకు వస్తుంది, కౌన్సెలింగ్‌కి పిలుస్తారు, ఫలానా కాలేజీ అంటారు. వచ్చిందో రాలేదో తేలిపోతుంది. ఇక్కడ కోచ్ మమ్మల్ని కూర్చోబెట్టి, “పద్దెనిమిదేళ్లకే కాలేజీ టీముల్లో తీసుకోరండీ, రెండేళ్లు జూనియర్ హాకీ ఆడి ఇరవై, ఇరవై ఒకటికి వెళ్లాలి” అన్నాడు. పద్దెనిమిదేళ్లకే నేరుగా వెళ్లేవాళ్లు అసలు లేకపోలేదు, కానీ వాళ్లు వేరే జాతి. అమెరికాలో జూనియర్‌లో అన్నిటికన్నా పైది యూఎస్‌హెచ్‌ఎల్, దాని తర్వాతది ఎన్ఏహెచ్‌ఎల్. మావాడికి రెండోది దొరికింది. నార్త్ డకోటాలో ఊరు. టీముకి ఫీజు లేదు గానీ ముక్కూమొహం తెలియని ఒక కుటుంబం ఇంట్లో ఉండాలి, వాళ్లకి నెలకి ఇంత అని ఇవ్వాలి. ఇంటర్ అయ్యాక రెండేళ్లు చదువు లేకుండా ఊరు కాని ఊళ్లో ఎవరింట్లోనో పెట్టి ఆటాడించడం! మా అత్తగారికి ఈ సంగతి ఏడాదిపాటు చెప్పనేలేదు. “కాలేజీలో ఉన్నాడు” అనేశాం.

ప్రతి సెప్టెంబర్‌లో ఆ లీగ్ టీములన్నీ మా ఊరికి దగ్గర్లోనే బ్లెయిన్‌లో ఒకచోట చేరి ఆడతాయి. ఒకే కప్పు కింద ఎనిమిది రింకులు, అంటే మంచు మైదానాలు. గోడల వెంబడి చేతిలో కాఫీ కప్పు, కాగితం పట్టుకుని, ఆటగాళ్లని ఎంచే స్కౌట్లు నిలబడి ఉంటారు. ఎవరి మొహంలోనూ ఏ భావమూ కనపడదు. నేను మ్యాచ్ చూడ్డం మానేసి వాళ్ల పెన్నులు చూస్తూ ఉండేదాన్ని, మావాడు పక్ (ఈ ఆటలో బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) ముట్టుకున్నప్పుడు ఎవరైనా ఏమైనా రాస్తున్నారా అని. ఒకాయన రాశాడు. తర్వాత చూస్తే అది పార్కింగ్ చీటీ.

కాలేజీ ఆటల్లో పై తరగతి డివిజన్ వన్. ఆ కాలేజీల్లో హాకీ టీములు అరవై చిల్లర. ఇంత దేశానికి, కెనడాకి, యూరప్ నుంచి వచ్చేవాళ్లకి కలిపి అంతే. మావాడికి అక్కడ్నుంచి పిలుపు రాలేదు. కింది తరగతి, డివిజన్ త్రీ నుంచి వచ్చింది. అందులో ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు, రూల్. మార్కులు చూసి ఏమైనా తగ్గిస్తే తగ్గిస్తారు. అప్పుడు నాకు కోపం వచ్చింది గానీ, ఇప్పుడు ఆలోచిస్తే అదే మేలయింది. వాడు అకౌంటింగ్ డిగ్రీ గట్టిగా చదివింది ఆ మార్కుల కోసమే. మూడేళ్లు ప్రొఫెషనల్‌గా ఆడి, మానేసి, ఇప్పుడు మిల్వాకీలో ఆ డిగ్రీ మీదే ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఈ కథ అన్నిటికన్నా పెద్ద లీగైన ఎన్‌హెచ్‌ఎల్ దాకా వెళ్తుందేమోనని ఎదురుచూసేవాళ్లకి ముందే చెప్పేస్తున్నాను. వెళ్లదు.

కాలేజీ నాలుగేళ్లలో మూడో ఏడు కోవిడ్ తినేసింది. సగానికి పైగా మ్యాచ్‌లు రద్దు, ఆడినవి ఖాళీ స్టాండ్ల ముందు. లాప్‌టాప్‌లో చూసేవాళ్లం. కెమెరా ఒకటే, అది కూడా పక్ ఎటుంటే దానికి ఎదురు దిక్కు చూపించేది. మిగతా మూడేళ్లూ శుక్రవారం, శనివారం మ్యాచ్, ఆదివారం చదువు. పద్ధతిగా సాగే బతుకు.

2022 మార్చి మొదటి వారంలో కాన్ఫరెన్స్ (తమలో తాము ఆడుకునే కాలేజీల గుంపు) సెమీఫైనల్లో ఓడిపోయారు. ఆ రాత్రి లాకర్ రూమ్ బయట తల్లిదండ్రులం అందరం నిలబడ్డాం. చివరి ఏడాది పిల్లలు బయటికి రావడానికి గంట పట్టింది. జెర్సీ విప్పితే అయిపోయినట్టే అని ఎవరూ విప్పట్లేదట. చాలామందికి నిజంగానే ఆట అక్కడితో అయిపోతుంది. మావాడూ అంతే అనుకున్నాం. నాలుగో రోజు వాడి కాలేజీ కోచ్‌కి ఇక్కడి దక్షిణాది రాష్ట్రాల నుంచి ఎవరో ఫోన్ చేశారు. “మాకు ఇద్దరు డిఫెన్స్‌వాళ్లకి దెబ్బలు తగిలాయి, మీ దగ్గర ఎవరైనా ఉన్నారా?” అని.

ఇక్కడ ఈ మెట్ల సంగతి చెప్పాలి. పైన ఎన్‌హెచ్‌ఎల్, 32 టీములు. వాటి కింద ఏహెచ్‌ఎల్, 1936 నుంచీ ఉంది. దాని కింద ఈసీహెచ్‌ఎల్, 1988లో మొదలైంది. ఎక్కువ టీములకి పైవాళ్లతో ఒప్పందాలుంటాయి. ఇంకా కింద ఎస్‌పీహెచ్‌ఎల్, 2004లో పుట్టింది, అలబామా, జార్జియా, టెనెసీ, ఫ్లోరిడా లాంటి చోట్ల ఊళ్లు, పైవాళ్లతో కాగితం మీద ఏ చుట్టరికమూ లేదు. పైన ఎవరికైనా కాలు విరిగితే ఏహెచ్‌ఎల్ నుంచి ఒకణ్ణి లాగుతారు, ఆ ఖాళీలోకి ఈసీహెచ్‌ఎల్ నుంచి ఒకడు, ఆ ఖాళీలోకి ఎస్‌పీహెచ్‌ఎల్ నుంచి ఇంకొకడు. టీవీలో పెద్ద మ్యాచ్‌లో ఎవరైనా కుంటుతూ బయటికెళ్తే మూడు రోజుల్లో ఆ అల ఇక్కడిదాకా వస్తుంది. మావాడు సోఫాలో కూర్చుని మ్యాచ్ చూసేది ఆటకోసం కాదు, కుంటేవాళ్ల కోసం. కొన్నాళ్లకి నేనూ అంతే అయ్యాను. చెప్పుకోడానికి సిగ్గేస్తుంది.

ఫోన్ చేసింది ఎస్‌పీహెచ్‌ఎల్ టీము. వాడికి ఇచ్చింది మూడు మ్యాచ్‌లు ఆడించి చూసే ట్రైఅవుట్ కాంట్రాక్ట్. ప్రొఫెసర్లని బతిమాలుకుని మిగిలిన క్లాసులు ఆన్‌లైన్‌లో పూర్తిచేస్తానని ఒప్పించాడు. పదహారు గంటలు కారు నడిపి వెళ్లాడు. మేం శనివారం మ్యాచ్‌కి విమానంలో వెళ్లాం. అలబామాలో హంట్స్‌విల్, వాన్ బ్రాన్ సెంటర్. వీళ్ల టీము అక్కడికి ఆడటానికి వచ్చింది. రాకెట్ల ఊరు, ఊరి బయట పెద్ద సాటర్న్ రాకెట్ నిలబెట్టి ఉంటుంది. బయట చొక్కా చేతులు మడిచేంత వెచ్చగా ఉంది, లోపల మంచు మీద హాకీ, వేలమంది జనం అరుపులు! కాలేజీలో మా మ్యాచ్‌లకి వచ్చేది మూడొందల మంది, అందులో సగం మా బంధువర్గమే.

వాడు ఆటగాళ్లు వచ్చే సొరంగంలోంచి బయటికొచ్చాడు. నేను గుర్తుపట్టలేదు. కాలేజీలో మొహమంతా కప్పే జాలీ తప్పనిసరి. ఇక్కడ కళ్లవరకు అద్దం ముక్క, ముక్కు కిందనుంచి గడ్డందాకా అంతా బయటే. నాలుగేళ్లుగా జాలీ వెనకే చూసిన మొహం. మూతి బిగించి ఉంది, చిన్నప్పుడు ఇంజెక్షన్‌కి చెయ్యి చాపినప్పుడు ఎలా బిగించేవాడో అలాగ. ఆట మొదలవకముందే నాకు కళ్లనీళ్లొచ్చాయి. మావారు “ఇంకా పక్ కూడా వెయ్యలేదు” అన్నారు.

రెండో పీరియడ్‌లో వాడికన్నా జానెడు పొడుగున్న ఒకడొచ్చి వీడి ఛాతీ మీద తట్టాడు. ఇద్దరూ గ్లవ్స్ కింద పడేశారు. కాలేజీలో కొట్టుకుంటే ఆ మ్యాచ్‌లోంచే కాదు, తర్వాతి మ్యాచ్‌లోంచీ బయటికి పంపేస్తారు. ఇక్కడ అయిదు నిమిషాలు పెనాల్టీ పెట్టెలో కూర్చోబెడతారు, అంతే, మళ్లీ ఆడొచ్చు. జనం లేచి నిలబడి చప్పట్లు. నేను కూర్చునే ఉన్నాను. ఈ విషయంలో నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. అది ఆటలో భాగం అంటారు గానీ, టికెట్లలో భాగం. రాత్రి హోటల్ దగ్గర కనుబొమ్మ మీద మూడు కుట్లతో వచ్చి, “నేను కొత్తవాణ్ణి కదమ్మా, ఒకసారి ఒప్పుకోవాలి. ఇంక అడగరు” అన్నాడు. వాడన్నట్టే తర్వాత పెద్దగా ఎవరూ అడగలేదు.

మూడు మ్యాచ్‌లయ్యాక సీజన్ చివరిదాకా ఉంచారు. మొదటి చెక్కు వారానికి మూడు వందల చిల్లర డాలర్లు. అపార్ట్‌మెంట్ టీముదే. వాడు ఆ చెక్కు ఫొటో పంపిస్తే మావారు లెక్కవేసి, వాడి స్కేట్లు మూడు వారాల జీతమని తేల్చారు.

ఆ వేసవిలో మేపుల్ గ్రోవ్ గుడిలో ఒకావిడ అడిగారు, “మీవాడు ఏం చేస్తున్నాడండీ?” అని. “అక్టోబర్‌లో ఈసీహెచ్‌ఎల్ క్యాంపుకి పిలిచారండీ” అన్నాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, “అదేం వీసా కేటగిరీ?” అన్నారు. వాడు పుట్టింది ఇక్కడే అని చెప్పేలోపు ప్రసాదం లైను కదిలింది. ఇంకొకాయన “మనవాళ్లెవరైనా ఆడారా అసలు?” అన్నారు. పంజాబీలు ఆడారు. రాబిన్ బావా 1989లోనే ఎన్‌హెచ్‌ఎల్‌లో అడుగుపెట్టాడు. మ్యానీ మల్హోత్రా తండ్రిది పంజాబ్, 1998 డ్రాఫ్ట్‌లో ఏడోవాడిగా ఎంపికయ్యాడు. కెనడా పంజాబీలు తమ భాషలో కామెంటరీ కూడా పెట్టుకున్నారు. ఇవన్నీ నేను బట్టీపట్టి పెట్టుకున్న జవాబులు.

అక్టోబర్ క్యాంపులో వాడు తొమ్మిది రోజులున్నాడు. ఆ టీము పేరు చెప్పను. చివరి రోజు పొద్దున్న కోచ్ గదిలోకి పిలిచి, “నువ్వు బాగా ఆడావు, నంబర్లే కుదర్లేదు, రెడీగా ఉండు” అన్నాడట. ఈ “రెడీగా ఉండు” అన్నమాటతో నాకు పేచీ ఉంది. ఫెయిలయితే ఫెయిలని చెప్పాలి. ఎంసెట్‌లో ర్యాంకు రాకపోతే ఏడుస్తాం, లాంగ్‌టర్మ్ కోచింగ్‌కి పంపుతాం, లేదంటే డిగ్రీలో చేర్పిస్తాం. ఇక్కడ ఎవరూ కాదనరు. కాదనకపోవడమే మనిషిని కట్టిపడేస్తుంది. వాడు మళ్లీ కింది లీగుకే వెళ్లాడు. ఆ క్యాంపులు పైవాటికి కాస్త వెనకగా మొదలవుతాయి, పైనుంచి రాలినవాళ్లు కింద పట్టుకోడానికి అన్నట్టు.

సంచీ ఎప్పుడూ సర్దే ఉండేది. జనవరిలో ఆ గురువారం ఫోన్ వచ్చినప్పుడు గంటన్నరలో బయల్దేరాడు. రాత్రికి రాత్రి ప్రయాణం, పొద్దున్నే స్కేట్, సాయంత్రం మ్యాచ్. జెర్సీ వెనక వేరేవాళ్ల పేరు పీకేసిన కుట్ల గుర్తులు కనపడుతూనే ఉన్నాయి, వాటిమీదే మా ఇంటిపేరు కుట్టారు. అక్షరాలు ఎక్కువై వంపు తిరిగిపోయింది. అనౌన్సర్ దాన్ని మూడు రకాలుగా పలికాడు. శుక్ర, శని, ఆది వరసగా మూడు మ్యాచ్‌లు, మధ్యలో బస్సులో ఆరు గంటలు. “ఎలా ఉందిరా?” అంటే “అందరూ నాకంటే అర సెకను ముందున్నారమ్మా” అన్నాడు. ఇంకా ఏమైనా చెప్తాడేమో అని ఆగాను. అంతే చెప్పాడు. తేడా అంతేనట. బలం కాదు, వేగం కూడా కాదు. పక్ తన దగ్గరికి వచ్చాక వీడు చూసేది, వాళ్లు రాకముందే చూసేసి ఉంటారు.

ఆరు మ్యాచ్‌లాడాడు. ఒక గోల్‌కి పాస్ ఇచ్చాడు, ఆ వీడియో మా నాన్నగారికి పంపితే తెనాలిలో వీధంతా చూసింది. తర్వాత ఒక మంగళవారం, ఆ మోకాలతను నడవగలుగుతున్నాడని, వీణ్ణి వెనక్కి పంపేశారు. కింది టీముకి తిరిగొచ్చిన రెండు వారాలకి వాళ్లు వీణ్ణి ఇంకో టీముకి ట్రేడ్ చేశారు. “ఫ్యూచర్ కన్సిడరేషన్స్” కోసం అని రాశారు. “అంటే ఎంతరా?” అని అడిగాను. “ఏమీ లేదమ్మా. తర్వాత ఎప్పుడైనా ఏదైనా ఇస్తామని” అన్నాడు. ఇరవై అయిదేళ్లు పెంచిన పిల్లాణ్ణి చేబదులు మీద ఇచ్చేశారన్నమాట! నేను ఆ రోజు అన్నం తినలేదు. వాడే నన్ను ఓదార్చాడు. క్రిస్ డ్రేపర్ అని ఒకణ్ణి 1993లో ఒక్క డాలర్‌కి అమ్మేస్తే డెట్రాయిట్ వెళ్లి, ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పు నాలుగుసార్లు గెలిచాడట. జొనాథన్ క్విక్ కూడా కాలేజీ అయ్యాక ముందు ఈసీహెచ్‌ఎల్‌లో రెడింగ్ టీముకే ఆడాడట, 2012లో కప్పు ఎత్తింది అతనే. ఈ పేర్లు ఈ లీగుల్లో ప్రతి పిల్లాడి నోటిమీదా ఉంటాయి. అందరికీ తెలుసు, అవి ఎందుకు చెప్పుకుంటారో కూడా తెలుసు.

2023 అక్టోబర్ 28న ఇంగ్లండ్‌లో షెఫీల్డ్‌లో ఒక మ్యాచ్‌లో స్కేట్ బ్లేడు మెడకి తగిలి ఆడమ్ జాన్సన్ అనే కుర్రాడు చనిపోయాడు. మా మిన్నెసోటా పిల్లాడే, హిబ్బింగ్. డులూత్‌లో కాలేజీ ఆడి, ఎన్‌హెచ్‌ఎల్‌లో పిట్స్‌బర్గ్‌కి 13 మ్యాచ్‌లాడి, అక్కడికి వెళ్లాడు. 29 ఏళ్లు. ఆ వారం ఇక్కడ హాకీ తల్లులం ఎవరం సరిగ్గా నిద్రపోలేదు. దుకాణాల్లో మెడ పట్టీలు అయిపోయాయి. నేను మూడు షాపులు తిరిగి ఒకటి కొని పోస్ట్ చేశాను. “చెమట పడుతుందమ్మా” అన్నాడు. “పట్టనీ” అన్నాను. పెట్టుకున్నాడు.

వీడికి దెబ్బ మెడకి కాదు, చేతికి తగిలింది. డిసెంబర్‌లో ఒక షాట్‌కి అడ్డం పడితే పక్ గ్లవ్ మీద తగిలి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి పిన్నులు పెట్టారు. ఖర్చు వర్కర్స్ కాంప్ (పనిలో తగిలిన దెబ్బలకి ఇచ్చే బీమా) కింద పోయింది గానీ, కుడిచేత్తో చెంచా పట్టుకోలేడు. నేను సెలవు పెట్టి వెళ్లాను. టీము అపార్ట్‌మెంట్, రెండు బెడ్‌రూములు, నలుగురు కుర్రాళ్లు, ఒకే ఒక గిన్నె. బాల్కనీ నిండా ప్యాడ్లు ఆరేసి ఉన్నాయి. వాసన మాత్రం అదే.

వెళ్లిన మూడో రోజు గురువారం. రాత్రి తొమ్మిదింటప్పుడు తలుపు కొట్టారు. ఒక కుర్రాడు, భుజాన సంచీ, చేతిలో నాలుగు కర్రలు, ఇరవై మూడేళ్లుంటాయేమో. ఇంకా కింది లీగు నుంచి పదకొండు గంటలు నడుపుకుంటూ వచ్చాడు. నన్ను చూసి గుమ్మంలోనే బూట్లు విప్పాడు. మావాడి కట్టు వైపు చూసి, “ఎలా ఉంది?” అని, కాసేపాగి, “ఎన్ని వారాలన్నారు?” అన్నాడు. అడిగాక చెవులు ఎర్రబడ్డాయి. “ఆరు” అన్నాడు మావాడు, వాడికి అర్థమైంది ఎందుకడిగాడో. ఆ పిల్లాడు పైకి ఏమీ అనలేదు గానీ, లోపల వేళ్లమీద లెక్కపెట్టుకుంటున్నాడని తెలిసిపోతోంది.

కూర్చోమని కంచం పెట్టాను. ఇంతలో వాడి ఫోన్ మోగింది. రెండు చేతుల్లో కర్రలుండటంతో స్పీకర్ నొక్కేశాడు. “చేరావా? నువ్వు ఫోన్ పెట్టేసిందగ్గర్నుంచీ మీ నాన్న, నేను ఎగిరి గంతేస్తూనే ఉన్నాం!” అంది వాళ్లమ్మ. గది గదంతా వినిపించింది. పిల్లాడు గబగబా స్పీకర్ ఆపేసి బాల్కనీలోకి వెళ్లాడు. నేను విననట్టే స్టవ్ వైపు తిరిగి, ఇంకో గ్లాసు బియ్యం కడిగి పెట్టాను.